సీమ నేలకు ఏ లెన్స్?

టెలీ పక్షం: గండికోట లోయ ఫొటో అంటే ఇవాళ అందరి దగ్గరా ఒకే రకం బొమ్మ. కింద ఎర్రటి బండ అంచు, దాని మీద వీపు చూపిస్తూ కూర్చున్న మనిషి, నడుమ సన్నగా సాగిన పెన్న నది, పైన ఫ్రేములో సగం ఆకాశం. తీసింది 24 ఎంఎం లెన్స్ కావచ్చు, సెల్‌ఫోన్ కావచ్చు. రెండింటి చూపు వెడల్పు ఇంచుమించు ఒకటే. ఆ బొమ్మలో బండ ఉంది, మనిషి ఉన్నాడు, ఆకాశం ఉంది. లోయ మాత్రం లేదు. ఎందుకు లేదో లెక్క వేసి చూడొచ్చు. లోతు మూడు వందల అడుగులంటారు, అంటే సుమారు 90 మీటర్లు. అంచున నిలబడి, నది వెంబడి చూస్తూ, కిలోమీటరు దూరంలో ఉన్న గోడను పట్టాలనుకుందాం. అంత దూరం నుంచి 90 మీటర్ల ఎత్తు కంటికి ఐదు డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను అడ్డంగా పట్టుకుంటే 24 ఎంఎం లెన్స్ పైనుంచి కిందికి 53 డిగ్రీలు చూస్తుంది. అంటే ఆ గోడకు ఫ్రేములో దక్కేది పదో వంతు. 200 ఎంఎం చూసేది ఏడు డిగ్రీలకు కాస్త తక్కువ. గోడ ఫ్రేములో ముప్పావు వంతు నింపేస్తుంది. పొరలు పొరలుగా పేర్చినట్టున్న క్వార్ట్‌జైట్ బండలు, పగుళ్లలో పట్టుకుని బతికే పొదలు, అడుగున నీటి రంగు, అన్నీ అందులోకి వస్తాయి. మనిషిని అక్కడ నిలబెట్టి నోరు మూయించేది ఆ గోడ. ఇంటికి పట్టుకెళ్లే బొమ్మలో మిగిలేది బండా ఆకాశమూ. రాయలసీమ దూరాల నేల. దూరాన్ని దగ్గరకు తెచ్చే లెన్స్ లేకుండా ఇక్కడికి రావడం సగం చూపుతో రావడమే.

వైడ్ పక్షం: మీ లెక్క తప్పు కాదన్నా. కానీ మీ లెన్స్‌కు అనుకూలమైన దిక్కు చూసుకుని లెక్క వేశారు. నది వెంబడి కాకుండా ఎదురుగోడ వైపు తిరగండి. కోట పాదం దగ్గర లోయ వెడల్పు కూడా మూడు వందల అడుగుల చుట్టుపక్కలే. దాన్ని వంద మీటర్లనుకుంటే, అవతలి అంచు నుంచి నీళ్ల దాకా చూపు దిగాల్సింది 42 డిగ్రీలు. 200 ఎంఎంతో ఆ గోడలో నాలుగు బండలు దొరుకుతాయి, అంతే. 50 ఎంఎం లెన్స్‌ను నిలువుగా పట్టినా వచ్చేది 40 డిగ్రీలు. పై అంచో, కింది నీళ్లో, ఏదో ఒకటి తెగిపోతుంది. 24ను నిలువుగా పడితే 74 డిగ్రీలు. అవతలి అంచు, గోడ, నీళ్లు, ఇవతల మన కాళ్ల దాపున బండ, నాలుగూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. లోతంటే గోడ ఎత్తొక్కటే కాదు గదా. నిలబడిన చోటుకూ నీటికీ నడుమ ఉన్న ఖాళీని మనం లోతు అంటాం. ఖాళీకి రంగూ రూపూ లేవు. దాని రెండు కొసల్ని చూపిస్తేనే అది కనిపిస్తుంది. మీరు దండగ అంటున్న ఆ ఇవతలి బండ ఒక కొస. దాన్ని తీసేస్తే మీ 200 ఎంఎం బొమ్మలో ఎత్తైన గోడ ఉంటుంది, దాని ముందు నిలబడిన మనిషి ఉండడు. చూసేవాడికి అది క్వారీ గోడో, లోయ గోడో తెలిసే దారి ఉండదు.

టెలీ పక్షం: ఎదురుగోడ నీది, ఇచ్చేస్తున్నా. అక్కడ వైడ్ లేకుండా పని కాదు. అయితే ఆ మాటలోనే అసలు సంగతి బయటపడింది. దూరాన్నీ దగ్గరనూ లెన్స్ మార్చదు. పర్‌స్పెక్టివ్‌ను తేల్చేది మనం నిలబడే చోటు. ఒకే చోట నిలబడి 24తో తీసిన బొమ్మలో మధ్య ముక్కను కత్తిరిస్తే, 200తో తీసిన బొమ్మలో ఉన్న పొందికే అందులోనూ ఉంటుంది, నాణ్యత తగ్గుతుందంతే. కాబట్టి అడగాల్సింది ఏ లెన్స్ గొప్పదని కాదు, ఈ నేల మనల్ని ఎక్కడ నిలబడనిస్తుందని. వైడ్‌తో మంచి బొమ్మ తీయాలంటే విషయానికి దగ్గరగా నడవాలి. గండికోటలో మరో అడుగు ముందుకు వేసే వీలు లేదు. నంద్యాల లోయలో నిలబడితే పడమర ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ కుందూ పారే చదును నేల. నల్లమల కొండలు పొలం గట్టు నుంచి కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఎంత నడిచినా వైడ్ లెన్స్‌కు అవి ఆకాశం అంచున ఒక గీతే. 150 ఎంఎంతో చూస్తే ఒక వరుస వెనక ఇంకో వరుస, దాని వెనక మరింత లేతగా మూడోది కనిపిస్తాయి. గాలిలోని తేమా దుమ్మూ వెలుతురును చెదరగొట్టడం వల్ల వెనక వరుసలు పాలిపోతూ పోతాయి. మన కంటికి దూరం తెలిసేదే ఆ పాలిపోవడంతో. ల్యాండ్‌స్కేప్ అంటే వైడే అనే అలవాటు మనకు పుస్తకాల నుంచి వచ్చింది. ఆ పుస్తకాలు ముందుగా చెప్పే పేరు ఆన్సెల్ ఆడమ్స్‌ది. ఆయన 1960లో హాఫ్ డోమ్ మీద చంద్రుణ్ని తీసింది హాసెల్‌బ్లాడ్ మీద 250 ఎంఎం లెన్స్‌తో. ఆండ్రియాస్ ఫైనింగర్ న్యూజెర్సీ ఒడ్డున నిలబడి, నదికి అవతల ఉన్న మాన్‌హాటన్‌ను పొడవాటి టెలీతో తీశాడు. దూరం నుంచి తీస్తేనే కట్టడాల మధ్య ఎత్తుపల్లాల పాళ్లు నిజానికి దగ్గరగా ఉంటాయన్నది ఆయన పట్టుదల.

వైడ్ పక్షం: నిలబడే చోటే పర్‌స్పెక్టివ్‌ను తేలుస్తుందన్నారు, సరే. అయితే కొండ దగ్గరికి పోలేమని మీరు ఆగిపోయినచోట నేను నేల దగ్గరికి వంగుతాను. సీమలో ల్యాండ్‌స్కేప్ కొండల్లో ఎంత ఉందో కాళ్ల కింద అంత ఉంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం తీసుకోండి. జుర్రేరు లోయలో, పొలాల పక్కన, తవ్విన గుంటల్లో తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద అది. ఆ పొర పైనా కిందా రాతి పనిముట్లు దొరకడంతో ప్రపంచంలోని పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరు నేర్చుకున్నారు. ఆ కథను ఒక బొమ్మలో చెప్పాలంటే బూడిద చేతికి తగిలేంత దగ్గరగా ఉండాలి, వెనక కొండలూ ఉండాలి, రెండూ స్పష్టంగా ఉండాలి. 16 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర పెట్టి మీటరు పైచిలుకు దూరానికి ఫోకస్ చేస్తే, అర మీటరు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 200 ఎంఎంకు అదే ఎఫ్/8 దగ్గర లెక్క వేయండి. సుమారు 167 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే 83 మీటర్ల తర్వాత ఉన్నదే స్పష్టం. మీ లెన్స్‌కు మొదటి 83 మీటర్ల నేల లేదు. రైతు నిలబడే నేల అదే. ఇక ఆకాశం సంగతి. సంవత్సరానికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట, ఆ వానైనా వేళకు పడుతుందని నమ్మకం లేని చోట, జులైలో తలెత్తి చూడని మనిషి ఉండడు. నల్లగా కమ్ముకుని కురవకుండా పోయే మబ్బుకూ, విత్తనం వేసి ఎదురుచూసే నల్లరేగడికీ మధ్య ఉన్న సంబంధమే ఈ నేల చరిత్ర. రెండింటినీ కలిపి పట్టేది వైడ్ ఒక్కటే. మీ ఏడు డిగ్రీల కిటికీలో మబ్బుంటే చేను ఉండదు, చేనుంటే మబ్బుండదు.

టెలీ పక్షం: జ్వాలాపురం దగ్గర నాకు జవాబు లేదు, నువ్వన్నట్టే తీయాలి. మబ్బూ చేనూ మాట కూడా బలమైనదే. కానీ నల్లరేగడి ఎత్తావు గనక, వైడ్ లెన్స్ ఈ నేలకు చేసిన అన్యాయం చెప్పుకోవాలి. రాయలసీమ అనగానే పత్రికలు, సినిమా పోస్టర్లు, ప్రభుత్వ నివేదికల అట్టలు వాడే బొమ్మ ఏది? నోరు తెరిచిన బీడు, దూరంగా చీమంత మనిషి. 16 ఎంఎం లెన్స్‌ను మోకాలెత్తులో పెట్టి కిందికి వంచితే రెండు వేళ్ల పగులు కూడా గండిలాగా కనిపిస్తుంది. దగ్గరివి ఉబ్బి దూరానివి కుంచించుకుపోతాయి కాబట్టి, పగులు పెద్దదై మనిషి చిన్నవాడవుతాడు. రేగడి స్వభావం తెలిసినవాడెవడూ ఆ పగులును కరువుకు సాక్ష్యంగా తీసుకోడు. ఆ మట్టిలోని బంకమన్ను తడికి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కోయిలకుంట్ల వైపు, జమ్మలమడుగు వైపు పప్పుశనగ బాగా పండి ఇల్లు చేరిన ఏడు కూడా ఏప్రిల్‌లో ఆ చేలు అలాగే పగులుతాయి. కరువు అబద్ధమని నేననడం లేదు. అది ఈ ప్రాంతం ఒళ్లంతా మోసిన నిజం. ఆ నిజానికి దొంగసాక్ష్యం అక్కర్లేదంటున్నా. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి పచ్చగా ఉంటుంది, కుందూ ఒడ్డున చెట్లుంటాయి. వాటిని ఎవరూ మోకాలెత్తు నుంచి తీయరు కాబట్టి సీమ బొమ్మల్లో అవి లేకుండాపోయాయి.

వైడ్ పక్షం: పగుళ్ల మాట ఒప్పుకుంటాను. ఆ బొమ్మ ఇంత కాలం చెలామణి కావడంలో నా లెన్స్‌కు పాలుంది. కానీ తప్పు చూపించే పద్ధతి మీ లెన్స్‌కూ ఉంది, అది పైకి కనిపించదు కాబట్టి ఇంకా ప్రమాదం. వైడ్ సాగదీస్తే అంచున ఉన్న మనిషి తల సాగి కనిపిస్తుంది, చూసేవాడికి అనుమానం వస్తుంది. టెలీ వదిలేసింది మాత్రం ఎవరికీ తెలియదు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల నేలలో 5,900 ఎకరాలకు పైగా పరుచుకున్న సోలార్ పార్కు 2017లో పనిలోకి వచ్చింది, సామర్థ్యం వెయ్యి మెగావాట్లు. దాని అంచున నిలబడి 300 ఎంఎంతో ఒక జొన్నచేనునూ వెనక గుట్టనూ విడదీసి చూపించొచ్చు. చూసినవాడు అక్కడంతా జొన్నే అనుకుంటాడు. అదే లెన్స్‌ను కాస్త పక్కకు తిప్పితే పలకలు తప్ప చేను లేని లోకం కనిపిస్తుంది. రెండు బొమ్మలూ అబద్ధమే, రెండింటిలోనూ ఒక్క గీత కూడా వంకర ఉండదు. చేనూ పలకలూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటున్న చోటు చూపించాలంటే వెడల్పు కావాలి. దూరపు గాలిమరలను ఒకదాని మీద ఒకటి ఎక్కించి అడవిలాగా చేసేదీ, పది కిలోమీటర్ల అవతలి నల్లమలను ఊరి పెరట్లోకి లాక్కొచ్చేదీ మీ లెన్సే. గుడి గోపురం వెనక 600 ఎంఎంతో పట్టిన సూర్యుడు ఫ్రేము ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటాడు. అలా ఎవరి కళ్లూ చూడలేదు.

టెలీ పక్షం: దూరంగా నిలబడితే కన్ను కూడా వాటిని అలాగే చూస్తుంది, పరీక్షగా చూడదంతే. అయినా వదిలేయడం గురించి నువ్వన్నది నిజం. నా లెన్స్‌లో ఎంపిక ఎక్కువ, ఎంపిక ఉన్నచోట తీసేవాడి బాధ్యతా ఎక్కువ. కానీ నీ వెడల్పులోనూ ఎంపిక ఉంది. నువ్వు దాన్ని ఫ్రేము అంచుల దగ్గర కాకుండా ముందుభాగంలో చేస్తావు.

వైడ్ పక్షం: ఆ ఎంపికకు నేను ఎండలో కూడా సమయం ఇవ్వగలను. మీ లెన్స్ ఈ నేల మీద ఎన్ని గంటలు పనిచేస్తుంది? ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో, పొద్దు ఒక జామెక్కేసరికి బండ మీది గాలి ఉడుకుతూ పైకి లేస్తుంది. వేడిగాలీ చల్లగాలీ వెలుతురును వేర్వేరుగా వంచుతాయి. ఎండమావులను పుట్టించే ఆ వంపే మీ 300 ఎంఎం బొమ్మలో గోడ అంచును జావలా చేస్తుంది. ట్రైపాడ్ బిగించినా, షట్టర్ వేగం పెంచినా, ఎంత ఖరీదైన గాజు పెట్టినా అది పోదు. చెడింది గాజు కాదు, నడుమ ఉన్న గాలి. వైడ్‌తో తీసేవాడు ముందున్న రాయి మీద ఆధారపడతాడు. ఆ రాయికీ లెన్స్‌కూ మధ్య రెండు మీటర్ల గాలే. ఓర్వకల్లు రాతివనంలో మిట్టమధ్యాహ్నం కూడా బండల నడుమ నీడలో, నీటి మడుగు పక్కన, వైడ్‌కు చేతినిండా పని.

టెలీ పక్షం: అది కాదనలేను. వేసవిలో నాకు పొద్దున గంటన్నర, సాయంత్రం అంతకన్నా తక్కువ. అందుకే టెలీ పట్టుకున్నవాడు వేసవిలో రావద్దంటాను. వానలు వెళ్లాక, జనవరి దాకా, దుమ్ము కడిగేసిన గాలిలో నల్లమల పొరలు లెక్కపెట్టుకోవచ్చు. ఎండలో నీ లెన్స్‌కూ తిప్పలు లేవా? తెల్లబోయిన ఆకాశాన్ని నీలం చేయాలని పోలరైజర్ ఫిల్టర్ పెడతావు. సూర్యుడికి తొంభై డిగ్రీల పక్కన ఉన్న ఆకాశమే దానికి గట్టిగా లొంగుతుంది. నీ 16 ఎంఎం చూసేది మూల నుంచి మూలకు 107 డిగ్రీలు, కాబట్టి ఒకే ఆకాశంలో ఒకవైపు ముదురు మచ్చ, మరోవైపు వెలవెల. 100 ఎంఎంలో ఆ బాధ లేదు. ఇక వెడల్పు కావాలంటే నాకూ ఒక దారుంది. 85 ఎంఎంతో పక్కపక్కనే ఎనిమిది ఫ్రేములు తీసి కుట్టుకుంటే గండికోట మొత్తం వస్తుంది, ఒక్కో బండా విడిగా కనిపిస్తుంది. కుట్టడంలో ఊగే జొన్న చెడుతుంది, రాయి చెడదు. గండికోటలో ఉన్నది రాయే.

వైడ్ పక్షం: బెలుం గుహల్లో కుట్టి చూడండి. 3,229 మీటర్ల గుహ, జనానికి తెరిచింది కిలోమీటరున్నర. సున్నపురాతిని నీళ్లు కరిగించుకుంటూ పోయిన దారులవి. వెనక్కి జరగడానికి గోడ అడ్డం, వెలుతురు కొద్ది, వెనకాల వచ్చేవాళ్లు ఆగరు. అక్కడ కావాల్సింది 14, 16 ఎంఎం, ఎఫ్/2.8.

టెలీ పక్షం: బెలుం పూర్తిగా నీదే. రోళ్లపాడు పూర్తిగా నాది. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసిన గడ్డినేల అది. అక్కడ కృష్ణజింకనైనా, చలికాలంలో వచ్చే గద్దల జాతి వలసపక్షులనైనా గడ్డినేల మధ్యలో చూపించాలంటే దూరం నుంచే చూపించాలి. వైడ్ పట్టుకుని దగ్గరికి పోవడమంటే వాటిని తరిమేయడమే. ఈ జిల్లాల్లో గడ్డినేలలూ పొదల అడవులూ ఎంత సున్నితమైనవో కలివికోడి పిట్ట కథ చెబుతుంది. 1986లో లంకమల వైపు మళ్లీ కంటపడేదాకా అది అంతరించిందనే అనుకున్నారు. అలాంటి చోట ఎక్కడ నిలబడాలన్నది కళకు సంబంధించిన ప్రశ్న కూడా కాదు.

వైడ్ పక్షం: సరే. అయితే బస్సు దిగి నడిచే మనిషి సంగతి మాట్లాడదాం. రెండు లెన్స్‌లు మార్చుకుంటూ తిరగడం చెప్పినంత తేలిక కాదు. రేగడి దుమ్ము ఎగిరే గాలిలో మౌంట్ తెరిస్తే సెన్సర్ మీద పడిన నలకలు ఎఫ్/16 దగ్గర ఆకాశం నిండా మచ్చలవుతాయి. ఎఫ్/2.8 తరగతి 70-200 ఒక్కటే కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. దిగువ అహోబిలం నుంచి ఎగువకు, అక్కడి నుంచి ఉగ్రస్తంభం దారికి ఎక్కేవాడికి ఆ బరువు నీళ్లతో పోటీ. చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాకు కానన్ చేసిన 10-18 బరువు 240 గ్రాములు. నీళ్ల సీసా వదిలిపెట్టకుండా మోసుకుపోవచ్చు.

టెలీ పక్షం: ఎఫ్/2.8 ఎవరు మోయమన్నారు? ల్యాండ్‌స్కేప్‌ను ఎలాగూ ఎఫ్/8 దగ్గరే తీస్తాం. ఎఫ్/4 తరగతి 70-200లు ఇప్పుడు 700, 800 గ్రాములకు దిగాయి. కెమెరాతో పాటు వచ్చే 18-55కు తోడు 55-250 కొన్నవాడికి అదీ అవసరం లేదు. నా అసలు వాదన ఇది. జేబులో ఫోను లేని యాత్రికుడు లేడు, ఆ ఫోను 24, 26 ఎంఎంలకు సమానమైన వైడ్ లెన్స్. మంచి వెలుతురులో దాని పని బాగానే ఉంటుంది. అంటే వైడ్ ఇప్పటికే కొనేశారు. కెమెరా కోసం విడిగా డబ్బు పెట్టేవాడు ఫోను చేయలేనిదానికి పెట్టాలి. గండికోట మలుపు దగ్గర గోడను, నల్లమల మూడో వరుసను ఏ మామూలు ఫోనూ పట్టలేదు.

వైడ్ పక్షం: మంచి వెలుతురు అన్నారు. ఇది మీ వాదనలన్నిటిలో బలమైనది, అందుకే అక్కడే ఆగుతున్నాను. గండికోటలో రాత్రి ఉండేవాళ్లు ఎందుకుంటారు? పెద్ద ఊళ్ల దీపాలకు దూరంగా ఉన్న ఆకాశం కోసం. నక్షత్రాలు గీతలు కాకుండా ఎంతసేపు షట్టర్ తెరవొచ్చో తెలుసుకోవడానికి 500ను లెన్స్ పొడవుతో భాగించే లెక్క ఉంది గదా. 20 ఎంఎంకు 25 సెకన్లు వస్తాయి, 200కు రెండున్నరే. చిటికెన వేలి గోరంత సెన్సర్ ఉన్న ఫోను ఆ చీకట్లో బొమ్మను ఊహించి అతుకుతుంది. బెలుంలోనూ అంతే. జ్వాలాపురంలో బూడిద పొర గరుకుతనం కూడా దానికి నున్నగా అయిపోతుంది. ఫోనుకు వెడల్పుంది, ఆ వెడల్పులో సరుకు లేదు. పైగా ఫోనును అందరూ రొమ్మెత్తులో పట్టుకుని నిలబడి తీస్తారు. మీరు మొదట చెప్పిన ఒకే రకం బొమ్మ దానివల్ల పుట్టింది. మీరు చెప్పిన తప్పు వెడల్పుది కాదు, వంగకపోవడానిది.

టెలీ పక్షం: వంగితే పగులు గండి అవుతుందని ఇందాకే అనుకున్నాం. రాత్రి ఆకాశం కోసం వచ్చేవాడు 20 ఎంఎం ఎఫ్/1.8 కొనాల్సిందే, అతన్ని నేను ఆపను. కానీ పగటిపూట ఒక్కరోజు సెలవు దొరికి, జమ్మలమడుగులో దిగి, సాయంత్రానికి తిరిగి బస్సెక్కే మనిషికి, డబ్బు ఒక్క లెన్స్‌కే ఉన్న మనిషికి, ఇప్పటికీ 55-250 అనే చెబుతాను.

వైడ్ పక్షం: ఆ మనిషి లోయ వెంబడి చూస్తే మీ మాట వింటాడు. ఎదురుగోడ వైపు తిరిగితే 55 ఎంఎం కూడా ఇరుకై, కెమెరా పక్కన పెట్టి కళ్లతో చూసి వస్తాడు. అతను ఏ వైపు తిరుగుతాడో మనిద్దరిలో ఎవరమూ చెప్పలేం. నేను 10-18 అనే చెబుతాను.